ర్యామ్ పెంచాక నెమ్మదించిన అక్క కంప్యూటర్: ప్రాజెక్టు డైరీ

శనివారం సాయంత్రం

తిరుపతి బైరాగిపట్టెడలో మా అక్క ఇంటి నుంచే డీటీపీ పని చేస్తుంది. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, అన్నిటికంటే ఎక్కువగా ఫ్లెక్సీ డిజైన్లు. టైపింగ్ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో, బొమ్మల పని ఫోటోషాప్‌లో. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తుంది కాబట్టి ఏప్రిల్ నుంచే ఫ్లెక్సీ ఆర్డర్లు ముసురుకుంటాయి. ఆ ఫైళ్లు పెద్దవి. 4 జీబీ ర్యామ్ చాలక ఫోటోషాప్ మాటిమాటికీ హార్డ్ డిస్క్ మీద పడుతోందని, సీజన్‌కి ముందే 8 జీబీ చేయించాం. చేయించాక కంప్యూటర్ ఇంకా నెమ్మదించింది.

"పాత ర్యామే మేలు రా. ఇప్పుడు మౌస్ కూడా ఆగి ఆగి పోతా ఉండాది" అంది అక్క.

వివరాలు ముందు రాసి పెట్టుకుంటున్నాను. ప్రాసెసర్ ఇంటెల్ కోర్ 2 డుయో ఈ7500, 2.93 గిగాహెర్ట్జ్. జీ41 చిప్‌సెట్ (ప్రాసెసర్‌నీ ర్యామ్‌నీ కలిపే చిప్పులు) ఉన్న బోర్డు, రెండే ర్యామ్ స్లాట్లు, డీడీఆర్3 రకం ర్యామ్. గ్రాఫిక్స్ బోర్డులోనే ఉంది, విడిగా కార్డు లేదు. విండోస్ 10, 64 బిట్. ముందు 2 జీబీ స్టిక్కులు రెండు ఉండేవి, ఇప్పుడు 4 జీబీవి రెండు. ఈ చిప్‌సెట్‌కి 8 జీబీయే హద్దు, అంటే ఇంతకు మించి పెంచే వీలు లేదు.

స్టిక్కులు కొనేటప్పుడే ఒక జాగ్రత్త తీసుకున్నాం. జీ41 బోర్డులు ఒకవైపే 8 చిప్పులున్న 4 జీబీ స్టిక్కులతో చాలాసార్లు ఆన్ కావు. రెండు వైపులా కలిపి 16 చిప్పులున్నవి కావాలి. కొట్టు అబ్బాయికి ఈ సంగతి తెలుసు, వెతికి 16 చిప్పులవే ఇచ్చాడు. బయోస్‌లోనూ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) విండోస్‌లోనూ 8 జీబీ నిండుగా కనిపిస్తోంది. కాబట్టి స్టిక్కులు బోర్డుకి సరిపడవేమో అన్న అనుమానం పెట్టుకోలేదు.

ఈ జబ్బుకి ఒక విచిత్రమైన లక్షణం ఉంది. అన్నివేళలా ఒకేలా ఉండదు. ఒకసారి రీస్టార్ట్ చేస్తే ఫోటోషాప్ బాగానే నడుస్తుంది, క్రోమ్ మాత్రం ఈడుస్తుంది. మళ్లీ రీస్టార్ట్ చేస్తే క్రోమ్ బాగుంటుంది, మొత్తం డెస్క్‌టాప్ మొండికేస్తుంది. వైరస్ అయితే ఇలా చోటు మార్చుకోదు.

శనివారం రాత్రి

మామూలుగా అందరూ అనుమానించేవి ముందు చూశాను. హార్డ్ డిస్క్ ఆరోగ్యం బాగుంది. విండోస్ డిఫెండర్ వైరస్ స్కాన్‌లో ఏమీ దొరకలేదు. క్యాబినెట్ తెరిచి ఫ్యాన్ దుమ్ము బ్లోయర్‌తో కొట్టి, థర్మల్ పేస్ట్ కొత్తది పూశాను. తిరుపతి ఎండల్లో ప్రాసెసర్ వేడెక్కి వేగం తగ్గించుకోవడం వింతేమీ కాదు. కానీ ఉష్ణోగ్రత మామూలుగానే ఉంది, గడియార వేగం కూడా తగ్గడం లేదు.

అసలు ఆధారం టాస్క్ మేనేజర్‌లో దొరికింది. పెద్ద ఫ్లెక్సీ ఫైలు తెరిచి ఉన్నప్పుడు మెమరీ సగం కూడా నిండలేదు. డిస్క్ దాదాపు ఖాళీగా ఉంది. సీపీయూ మాత్రం చేసే పని లేకపోయినా 70 శాతం దాటి ఊగుతోంది. ఏ ఒక్క ప్రోగ్రామూ దోషిలా కనబడదు. నడుస్తున్న ప్రతిదీ ఉండాల్సిన దానికంటే ఎక్కువ సీపీయూ తింటోంది.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి. ర్యామ్ నుంచి డేటా వచ్చేదాకా ప్రాసెసర్ ఎదురుచూసే సమయాన్ని కూడా టాస్క్ మేనేజర్ పని చేస్తున్నట్టే లెక్కగడుతుంది. కాబట్టి సీపీయూ ఎక్కువ చూపించినంత మాత్రాన అది కష్టపడుతోందని కాదు, మెమరీ కోసం కాచుకుని కూర్చుందని కూడా కావచ్చు. ఇక నుంచి నా వెతుకులాట అంతా మెమరీ దారిలోనే.

ఆదివారం

స్టిక్కులు మార్చి మార్చి చూశాను. మొదటి స్టిక్ ఒక్కటే పెడితే వేగంగా ఉంది. రెండోది ఒక్కటే పెట్టినా అంతే వేగం. రెండు స్లాట్లలోనూ అదే ఫలితం. రెండు స్టిక్కులూ కలిపి పెడితే జబ్బు తిరిగి వచ్చింది. పాత 2 జీబీ జత వేసినా హాయిగా నడిచింది. స్టిక్కుల తప్పు లేదు, స్లాట్ల తప్పు లేదు, రెండు స్టిక్కులు కలిసి పనిచేయడంలోనూ తప్పు లేదు. మొత్తం 4 జీబీ ఉంటే బాగుంది, 8 జీబీ ఉంటే బాగాలేదు. ఈ తేడా పట్టుకోవడానికే ఇంత శ్రమ.

కొట్టు అబ్బాయికి ఫోన్ చేస్తే, "అన్నా, రెండూ నేను చెక్ చేసే ఇచ్చినా. అనుమానం ఉంటే తీసుకురా, మార్చిస్తా" అన్నాడు. మంచి మాటే. కానీ స్టిక్కులు బాగున్నాయని కళ్ల ముందే కనబడుతుంటే మార్చడం అన్యాయం. "వద్దు తమ్ముడూ, ఇది బోర్డు సంగతిలా ఉంది" అని చెప్పాను.

ఒక మిత్రుడు ఇది డ్యుయల్ ఛానల్ (రెండు స్టిక్కుల నుంచి ఒకేసారి డేటా తీసుకోవడం) గొడవ అన్నాడు. యంత్రం వివరాలు చూపించే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో చూస్తే డ్యుయల్ అనే ఉంది. ఒకవేళ సింగిల్‌లో నడిచినా ఈ యంత్రంలో ఇంత తేడా రాదు. ఈ7500 ప్రాసెసర్‌కి డేటా చేరే దారి (ఫ్రంట్ సైడ్ బస్) వేగం సెకనుకి 1066 మిలియన్ విడతలు, ఒక్కో విడతకి 8 బైట్లు, అంటే సెకనుకి సుమారు 8.5 జీబీ. డీడీఆర్3-1066 స్టిక్ ఒక్కటే సరిగ్గా అంత ఇవ్వగలదు. రెండో ఛానల్ ఎంత తెచ్చినా ప్రాసెసర్‌కి చేరే దారి అంతే వెడల్పు. కొత్త తరం యంత్రాల్లో డ్యుయల్ ఛానల్ తేడా చూపిస్తుంది. ఈ పాతదానికి ఆ లెక్క వర్తించదు.

రాత్రికి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్ మీద పెట్టి పరీక్ష నడిపాను. తప్పులు ఒక్కటీ రాలేదు. చాలామంది ఇక్కడే ర్యామ్ బాగుందని ఆపేస్తారు. నేను తెర ముందే కూర్చుని, ఏ అడ్రస్‌ల మీద (ర్యామ్‌లో ఒక్కో చోటికి ఉండే నంబరు) పరీక్ష నడుస్తోందో చూస్తూ ఉన్నాను. 8192 ఎంబీ, అంటే 8 జీబీ, దాకా పరుగు. 8192 నుంచి 8704 దాకా ఉన్న ముక్కకి రాగానే శాతం అంకె కదలడమే మానేసినట్టయింది. కొన్ని నిమిషాల తర్వాత ఒక్క అంకె. ఆ ముక్కలోనూ తప్పులు లేవు, నత్తనడక మాత్రమే.

ఉన్నది 8 జీబీ అయితే 8192 పైన అడ్రస్‌లు ఎక్కడివి? 4 జీబీ గీతకి కాస్త కింద ఉన్న అడ్రస్‌లు పీసీఐ పరికరాల (బోర్డుకి కలిసే గ్రాఫిక్స్, నెట్‌వర్క్ లాంటివి) కోసం కేటాయించి ఉంటాయి. ఈ బోర్డులో ఆ జాగా 512 ఎంబీ. అక్కడ ఉండాల్సిన ర్యామ్ వృథా కాకూడదని చిప్‌సెట్ దాన్ని పైకి జరుపుతుంది. అందుకే 8 జీబీ ర్యామ్ అడ్రస్‌లు ఎనిమిదిన్నర దగ్గర ముగుస్తాయి. జబ్బంతా ఆ చివరి అర జీబీలోనే ఉంది.

సోమవారం రాత్రి

విండోస్‌లోనే దీన్ని రుజువు చేయవచ్చు. విండోస్‌తోపాటే వచ్చే ఎంఎస్‌కాన్ఫిగ్ అనే సెట్టింగ్‌ల ప్రోగ్రామ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే గరిష్ఠ మెమరీ అనే గడి ఉంటుంది. అందులో 8192 అని పెట్టి రీస్టార్ట్ చేశాను.

8 జీబీ ఉన్న యంత్రానికి 8192 హద్దు పెడితే ఏమీ మారకూడదు కదా అనిపిస్తుంది. కానీ ఆ గడి ర్యామ్ మొత్తాన్ని లెక్కపెట్టదు. ఫలానా అడ్రస్ పైన ఉన్నదేదీ వాడొద్దు అని మాత్రమే విండోస్‌కి చెబుతుంది. అంటే 8192 పైన ఉన్న అర జీబీ తెగిపోయింది. వాడుకోదగ్గ మెమరీ 7.97 నుంచి 7.47 జీబీకి తగ్గింది. యంత్రం మాత్రం లేచి పరుగెత్తింది. నిమిషం దాటి తెరుచుకుంటున్న ఫ్లెక్సీ ఫైలు 20 సెకన్లలోపే తెరుచుకుంది. గడిలో టిక్ తీసేస్తే మళ్లీ పాత కథ.

ఈ గడిని టిక్ చేస్తే కంప్యూటర్ వేగం పెరుగుతుందని చాలా వీడియోల్లో చెబుతుంటారు. మామూలు యంత్రంలో అది ర్యామ్‌ని తగ్గించడమే తప్ప పెంచడానికి ఏ విధంగానూ పనికిరాదు. ఇక్కడ అది వేగం తెచ్చిందంటే, తీసేసిన ముక్కలో రోగం ఉందని అర్థం.

మంగళవారం

విండోస్‌కి బదులు ఉబుంటు అనే లినక్స్‌ని పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేశాను, ఇన్‌స్టాల్ చేయకుండా. యంత్రం చక్కగా నడిచింది. మెమరీ చూస్తే ఏడున్నర జీబీ కూడా లేదు. కెర్నల్ లాగ్ (లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ రాసుకునే చిట్టా) తెరిచి చూస్తే కారణం సూటిగా రాసి ఉంది. బయోస్‌లో లోపం ఉంది, ఎంటీఆర్ఆర్‌లు మెమరీ మొత్తాన్ని కప్పడం లేదు, 512 ఎంబీ ర్యామ్ వదులుకుంటున్నాను అని. విండోస్ ఒక్క మాట కూడా చెప్పని సంగతిని లినక్స్ బూట్ అయిన క్షణంలోనే పట్టుకుని, రోగం ఉన్న ముక్కని తనే పక్కన పెట్టేసింది. ఈ ఒక్క కారణానికైనా ప్రతి ఇంట్లో ఒక లైవ్ పెన్‌డ్రైవ్ ఉండాలంటాను.

ఎంటీఆర్ఆర్ అంటే ప్రాసెసర్ లోపల ఉండే రిజిస్టర్, అంటే సెట్టింగ్ రాసి పెట్టుకునే చిన్న గడి. ఇంటెల్ 1995లో పెంటియమ్ ప్రోతో ఇవి తెచ్చింది. ఏ అడ్రస్‌లని క్యాష్ చేయవచ్చు (ప్రాసెసర్ లోపలి చిన్న, వేగమైన మెమరీలో దాచుకోవచ్చు), వేటిని చేయకూడదు అన్నది వీటిలో రాసి ఉంటుంది. క్యాష్ చేయదగ్గ చోటు నుంచి ఒక బైటు కావాలన్నా ప్రాసెసర్ 64 బైట్ల ముక్కని తెచ్చి దగ్గర పెట్టుకుంటుంది. తర్వాతి సారి అదే ముక్క సుమారు పదిహేను సైకిళ్లలో చేతికందుతుంది. ర్యామ్ దాకా వెళ్లి రావాలంటే వంద సైకిళ్లు దాటిపోతుంది. క్యాష్ వద్దు అని రాసి ఉన్న చోట దగ్గర పెట్టుకోవడమన్నదే ఉండదు. ప్రతి చదువుకీ ప్రతి రాతకీ ర్యామ్ దాకా పోవాల్సిందే. ప్రోగ్రామ్ కోడ్ అక్కడ పడితే ప్రతి ఆదేశానికీ అదే ప్రయాణం. మొత్తం ర్యామ్‌లో పదహారో వంతు ఇలా ఉన్నా చాలు. ఏ ప్రోగ్రామ్ అక్కడ పడుతుందో బూట్‌కి బూట్‌కి మారుతుంది కాబట్టి, జబ్బు కూడా చోటు మార్చుకుంటున్నట్టు కనబడింది.

లినక్స్‌లో ప్రాక్ అనే ఫోల్డర్ కింద ఎంటీఆర్ఆర్ అనే ఫైలు తెరిస్తే ఆ రిజిస్టర్లు కనబడతాయి. ఈ ప్రాసెసర్‌కి అలాంటివి 8 ఉన్నాయి. ఒక్కోదానికి ఒక నియమం ఉంది: అది కప్పే పరిమాణం 2, 4, 8, 16 అంటూ రెట్టింపులలోనే ఉండాలి, మొదలు కూడా దానికి తగ్గ చోటే కావాలి. కిరాణా కొట్లో తూకం రాళ్లలాగా, ఉన్న రాళ్లతోనే బరువు కూర్చాలి. 3552 కావాలంటే ఒకే రాయి ఉండదు.

నిజంగానే ఇక్కడ కావాల్సింది 3552. పరికరాల జాగా 3584 ఎంబీ దగ్గర మొదలవుతుంది. దాని కింద బోర్డులోని గ్రాఫిక్స్ 32 ఎంబీ తీసుకుంటుంది. మిగిలిన 3552ని ఈ బయోస్ ఇలా కూర్చింది: 2048, 1024, 256, 128, 64, 32. ఆరు రిజిస్టర్లు అయిపోయాయి. గ్రాఫిక్స్ తన పట్టిక కోసం 3551 దగ్గర ఇంకో 1 ఎంబీ తీసుకుంది, దాన్ని క్యాష్ చేయకూడదని చెప్పడానికి ఏడోది. ఇక 4 జీబీ గీత పైన ఉన్న ర్యామ్. 4096 నుంచి 8192 దాకా ఎనిమిదోది. 8192 నుంచి 8704 దాకా ఉన్న అర జీబీకి రిజిస్టర్ మిగల్లేదు.

4 జీబీ ఉన్నప్పుడు ఎందుకు బాగుంది? అప్పుడు గీత పైన ఉన్నది జరిపిన 512 ఎంబీ ఒక్కటే. దానికి ఎనిమిదోది సరిపోయింది. లెక్క అంచు దాకా వచ్చి ఆగింది కాబట్టి ఇన్నేళ్లూ ఎవరికీ తెలియలేదు. ఒక్కో స్టిక్ విడిగా బాగుండి, రెండూ కలిస్తే చెడడానికి కారణం ఇంతే.

దీని మీద నాకు కోపం కూడా ఉంది, అది రాయాల్సిందే. ఇదే పని ఆరు రిజిస్టర్లతో అయిపోయేది. 0 నుంచి 4 జీబీ దాకా మొత్తం క్యాష్ అని ఒక్కదానితో రాసి, అందులోంచి 512, 32, 1 ఎంబీ ముక్కలు క్యాష్ వద్దని మూడింటితో తీసేస్తే సరి. రెండు రాతలు ఒకదానిమీద ఒకటి పడితే క్యాష్ వద్దన్నదే నెగ్గుతుందన్నది ప్రాసెసర్ నియమం. పైభాగానికి ఇంకో రెండు చాలు. 8 జీబీ వరకు పనిచేస్తుందని పెట్టె మీద అచ్చువేసి అమ్మే బోర్డు, 8 జీబీ వేస్తే ఇలా తయారవడం సరైన పని కాదు. ర్యామ్ అమ్మిన కొట్టు వాళ్లు ఇలాంటి కేసుల్లో ఎన్నిసార్లు మాట పడి ఉంటారో.

బుధవారం

దారులు మూడు కనిపించాయి. లినక్స్‌లో అయితే బూట్ చేసేటప్పుడు ఒక ఆప్షన్ ఇస్తే కెర్నలే రిజిస్టర్లని తిరిగి పొదుపుగా సర్దుకోగలదు. అక్క పనంతా విండోస్‌లో కాబట్టి అది మనకి కాదు. బయోస్ అప్‌డేట్ చూస్తే, బోర్డులో ఉన్నదే చివరి వెర్షన్. ఉన్నా కూడా దాన్ని ఆఖరికే ఉంచేవాణ్ణి. బయోస్ రాస్తుండగా కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు, అక్క ఇంట్లో యూపీఎస్ బ్యాటరీ కూడా ముసలిది.

మూడోది లెక్క చెప్పిన దారి. గ్రాఫిక్స్‌కి ఇచ్చేది 32 ఎంబీకి బదులు 64 చేస్తే కింద మిగిలేది 3520. అది 2048, 1024, 256, 128, 64. ఐదు రిజిస్టర్లే! గ్రాఫిక్స్ పట్టికకి ఒకటి, 4096 ముక్కకి ఒకటి, మొత్తం ఏడు. ఎనిమిదోది చివరి అర జీబీకి మిగులుతుంది. గ్రాఫిక్స్‌కి ఇంకాస్త ఎక్కువ ర్యామ్ ఇస్తే యంత్రం వేగం పెరుగుతుందన్నమాట. వినడానికి తలకిందులుగా ఉన్నా, కాగితం మీద లెక్క సరిగ్గా కుదిరింది.

బయోస్‌లో చిప్‌సెట్ పేజీలో ఇంటర్నల్ గ్రాఫిక్స్ మోడ్ అన్నచోట 32ని 64 చేసి సేవ్ చేశాను. ముందు ఉబుంటు పెట్టి చూశాను. కెర్నల్ లాగ్‌లో హెచ్చరిక లేదు. ఎంటీఆర్ఆర్ ఫైల్లో చివరి వరుస 8192 దగ్గర మొదలై 512 ఎంబీ, క్యాష్ చేయదగ్గది అని ఉంది. ఆ వరుస చూసినప్పుడు కలిగిన సంతోషం చెప్పలేను.

తర్వాత విండోస్. ఎంఎస్‌కాన్ఫిగ్ గడిలో టిక్ లేదని మరోసారి చూసుకున్నాను. వాడుకోదగ్గ మెమరీ 7.94 జీబీ. అక్క నాలుగు ఫ్లెక్సీలు ఒకేసారి తెరిచి, పక్కన పేజ్‌మేకర్, క్రోమ్ పెట్టుకుని పని మొదలుపెట్టింది. సీపీయూ పది శాతం చుట్టూ ఉంది. చాలాసేపు ఏమీ అనలేదు, పనిలో పడిపోయింది. తర్వాత, "ఇప్పుడు ర్యామ్ వేసినట్టు ఉండాది" అంది.

శనివారం

కొన్ని రోజులు వాడాక చూడడానికి వెళ్లాను. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా జబ్బు రాలేదంది అక్క. మెమ్‌టెస్ట్ మళ్లీ నడిపితే 8192 పైన ముక్క కూడా మిగతావాటి వేగంతోనే పోయింది. కొట్టు అబ్బాయికి సంగతి చెప్పాను. జీ41 బోర్డుల్లో 8 జీబీ వేశాక స్లో అయిందని ఇదివరకే ఒకరిద్దరు స్టిక్కులు తిరిగి ఇచ్చారట. వాళ్ల బోర్డుల్లోనూ ఇదే ఉందని చెప్పలేం కానీ, ఆ ఉబుంటు పెన్‌డ్రైవ్‌కి ఒక కాపీ చేసి ఇచ్చాను. బూట్ చేసి, కెర్నల్ లాగ్‌లో ఎంటీఆర్ఆర్ అన్న మాట వెతికితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇంకో పని మిగిలి ఉంది. ఈ మరమ్మతు మొత్తం బయోస్‌లో ఒక సెట్టింగ్ మీద నిలబడి ఉంది. అక్క రాత్రి పడుకునే ముందు కంప్యూటర్‌కి వెళ్లే స్విచ్ ఆపేస్తుంది. అప్పుడు ఆ సెట్టింగ్‌లని కాపాడేది బోర్డు మీద ఉన్న సీఆర్2032 బ్యాటరీ ఒక్కటే. అది పడిపోతే బయోస్ మొదటి విలువలకి, అంటే 32కి వెళ్లిపోతుంది, జబ్బు తిరిగి వస్తుంది. మల్టీమీటర్ పెడితే 3 వోల్టుల బ్యాటరీ 2.6 చూపించింది. కొత్తది వేసి, తారీఖు సరిచేసి, 64 మళ్లీ పెట్టి సేవ్ చేశాను. స్విచ్ ఆపి కాసేపయ్యాక ఆన్ చేసి, 64 నిలబడిందని చూశాను.

క్యాబినెట్ పక్క మూత లోపలివైపు ఒక కాగితం అంటించాను: "8 జీబీ ర్యామ్ ఉన్నంతకాలం బయోస్‌లో గ్రాఫిక్స్ మెమరీ 64 ఉండాలి. గడియారం తప్పు టైమ్ చూపిస్తే బ్యాటరీ మార్చి ఇది మళ్లీ పెట్టాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు వేస్తే ఎంటీఆర్ఆర్ ఫైలు మరోసారి చూడాలి."